ఒక దినారు కుర్చీలు

"నిజం చెప్పు అమ్మాయీ, నిన్ను పన్నుల ఆఫీసువాళ్ళే కదా పంపింది?"

కుర్చీలు చేసే తిహోమిర్ మేస్త్రీ భార్య కోసానా ఈ ప్రశ్న వేసే సమయానికి దారింకా నోట్లో చెంచాడు ఆలూబుఖారా పాకం ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఒక చెంచా పాకం, గ్లాసు నీళ్ళు పెట్టి ఆ తర్వాతే వచ్చిన పని అడగడం చాచక్ చుట్టుపక్కల ఊళ్ళ పద్ధతి. కోసానాకు అంత ఓపిక లేదు, రెండూ ఒకేసారి కానిచ్చేసింది. పాకం మింగి జవాబు చెప్పడానికి దారింకాకు కొంచెం సమయం పట్టింది. ఆ మౌనాన్ని కోసానా ఒప్పుకోలు కింద జమ వేసుకుంది.

"కాదక్కా. నేను నోవీ సాద్ నుంచి వచ్చాను. మీరు కుర్చీలు అమ్ముకునే సైటు ఉంది కదా, దాన్ని మార్చాలనుకుంటున్నారు. మార్చేముందు మీరు దాన్ని ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూసి రమ్మన్నారు."

"చూసి?"

"రాసుకుంటాను."

"రాసుకుని?"

"వాళ్ళకు చెబుతాను."

"పన్నులవాళ్ళు చేసేదీ ఇదేగా," అంది కోసానా.

పక్క గదిలో రంపం ఆగింది. "వదిలెయ్యవే," అని తిహోమిర్ గొంతు వినిపించింది. "పన్నులవాళ్ళయితే కారేసుకుని వస్తారు. ఈవిడ బస్సు దిగి బురదలో నడిచొచ్చింది. బూట్లు చూడు."

కోసానా బూట్లు చూసింది. చూశాక కాఫీ పెట్టింది.

ఇది 2018 సెప్టెంబరు మాట. దారింకాకు అప్పటికి నలభై ఏడేళ్ళు. రాజధాని బెల్‌గ్రేడ్‌లో జానపద సంస్కృతి చదివింది. పెళ్ళి విందుల్లో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు, ఎందుకు కూర్చుంటారు అనేదాని మీద రెండు వందల పేజీల సిద్ధాంత వ్యాసం రాసింది. పట్టా చేతికొచ్చే నాటికి దేశంలో పెళ్ళిళ్ళు తప్ప మరే వ్యవస్థా సరిగ్గా నడవడం లేదు. చదివిన చదువుకు ఉద్యోగం లేదు గనక బట్టల సబ్బుపొడి సర్వేల్లో చేరి పదహారేళ్ళు ఇల్లిల్లూ తిరిగింది. ఏ పొడి వాడతారండీ అంటే ప్రతి ఇల్లాలూ ఖరీదైన పొడి పేరే చెప్పేది. రెండో ఏడాదికల్లా దారింకాకు కిటుకు తెలిసిపోయింది: ప్రశ్నలన్నీ అయ్యాక, ఏమనుకోకండి, ఒక్కసారి స్నానాల గదికి వెళ్ళొస్తానని అడిగేది. చవక పొడి ప్యాకెట్టు అక్కడ కనిపించేది. జనం చెప్పేది విని ఊరుకోకుండా చేసేది చూడాలన్న ఈ చిన్న విషయానికే తర్వాత నగరాల్లో గంభీరమైన పేర్లు పెట్టి, కోర్సులు తెరిచి, ఫీజులు గుంజడం మొదలైంది. దారింకాకు ఆ కోర్సులు లేవు. స్నానాల గదులు చూసిన అనుభవం మాత్రం బోలెడంత ఉంది. నోవీ సాద్ కంపెనీ ఆమెను తీసుకుంది అందుకే.

తీసుకుంది అంటే పూర్తిగా తీసుకోలేదు. మూడు నెలలకోసారి కొత్త కాగితం మీద సంతకం, నెలకింత గౌరవ వేతనం. ఇరవై రెండేళ్ళుగా ఆమె బతుకంతా అలాంటి కాగితాల మీదే నడిచింది. పింఛను రావాలంటే కనీసం పదిహేనేళ్ళ సర్వీసు లెక్క తేలాలి. ఎక్కడెక్కడివో ముక్కలన్నీ పోగేస్తే ఆమె లెక్క నాలుగేళ్ళ రెండు నెలల దగ్గర ఆగింది. ఈ సైటు వ్యవహారం చూసే వుకాషిన్ ముప్పై ఒక్కేళ్ళవాడు, మాట సూటిగా ఉంటుంది. మొదటి రోజే చెప్పేశాడు: "నెలకు నలభై ఆర్డర్లు వస్తున్నాయి దారింకా గారూ. కొత్త సంవత్సరంలోపు ఒక నెలలో నాలుగొందలు చూపించండి. మిమ్మల్ని పర్మనెంట్ చేయించే పూచీ నాది."

ఆ సైటు సంగతి అర్థం చేసుకోవడం కష్టం కాదు. కుర్చీలు, పళ్ళ పెట్టెలు, చీపుళ్ళు, సీసా మూతలు, పీపాలు చేసే చిన్న చిన్న కార్ఖానాలవాళ్ళు సరుకు ఫోటోలు పెడతారు. హోటళ్ళవాళ్ళు, దుకాణాలవాళ్ళు చూసి కొంటారు. కొన్న విలువలో నూటికి నాలుగు కంపెనీకి కమీషను. పన్నెండు వందల అరవై కార్ఖానాలు చేరాయి. వాటిలో ఏడు వందల పదకొండు కార్ఖానాలు ధర అనే గడిలో 'ఒక దినారు' అని రాశాయి. గట్టి బీచ్ చెట్టు కర్రతో చేసిన కుర్చీ, ఒక దినారు. నూరు లీటర్ల పీపా, ఒక దినారు. దినారుకు ఆ దేశంలో అగ్గిపుల్ల కూడా రాదు.

"వాళ్ళకు కంప్యూటరు వాడటం రాదు," అని వుకాషిన్ తేల్చేశాడు. గోడ మీద 'మనిషే మధ్యలో' అన్న నినాదం ఫ్రేము కట్టి పెట్టుకున్న ఆఫీసులో మనుషుల మీద ఇంత తేలిగ్గా తీర్పు ఇవ్వడం ఎవరికీ వింతగా అనిపించలేదు. "ఎక్కడ తడబడుతున్నారో చూసి రండి, చాలు."

దారింకా చూడటానికే వచ్చింది. నియమం ప్రకారం ఆమె నోరు మూసుకుని కూర్చోవాలి, సాయం చెయ్యకూడదు. అవతలివాళ్ళు చేసే ప్రతి పనీ పైకి చెబుతూ చెయ్యాలి. అది సెప్టెంబరు నెల కావడంతో ఆ నియమం చెల్లలేదు. వంటింటి బల్ల మీద ఒక పక్క కంప్యూటరు, మిగతా మూడు పక్కలా కాల్చిన అరచేయంత ఎర్ర మిరపకాయలు. చలికాలానికి పచ్చడి పెట్టుకునే రోజులు. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తూ ఊరుకునే రకం కాదు కోసానా, ఆమె చేతికి కత్తి ఇచ్చింది. సాయంత్రానికి దారింకా ఎనిమిది కిలోల మిరపకాయల తొక్క తీసింది, పుస్తకంలో రెండు లైన్లు రాసుకుంది.

"ఇప్పుడేం చేస్తున్నారో పైకి చెప్పండక్కా."

"ఫోటో పెడుతున్నా. కుర్చీ. కాళ్ళు నాలుగు. ఇదీ చెప్పాలా?"

"చెప్పండి, ఫరవాలేదు."

"పేరు పెట్టా. కర్ర పేరు పెట్టా. ధర అంటోంది. ఒకటి వేశా. అయిపోయింది."

"ఒకటి ఎందుకు వేశారు?"

కోసానా ఆమె వైపు జాలిగా చూసింది. "సున్నా వెయ్యనివ్వట్లేదు మరి."

కంప్యూటరు వాడటం రాకపోవడమేమిటి? మిరపకాయల తడి చేత్తో నాలుగు నిమిషాల్లో ఆరు రకాల కుర్చీలు ఎక్కించింది కోసానా. నోవీ సాద్ ఆఫీసులో ఆ వేగం ఎవరికీ లేదు. తడబాటు ఎక్కడా కనిపించలేదు. ధర గడి దగ్గర ఆమె వేలు క్షణం కూడా ఆగలేదు. దారింకాను తికమక పెట్టింది అదే. తప్పు చేసేవాళ్ళు తటపటాయిస్తారు. ఈవిడ ఒకటి అంకెను ఊరి పేరు రాసినంత ధీమాగా వేసింది.

ఆ నెలంతా దారింకా పన్నెండు కార్ఖానాలు తిరిగింది, పన్నెండు చోట్లా అదే ప్రశ్న వేసింది. పళ్ళ పెట్టెలు చేసేవాడు "ధర రాస్తే మా బావమరిది చూస్తాడండీ" అన్నాడు. బావమరిదికీ పెట్టెల వ్యాపారమే. సీసా మూతలాయన "అందరూ ఒకటే రాశారు, నేనొక్కణ్ణే వేరే రాస్తే ఏం బాగుంటుంది?" అన్నాడు. చీపుళ్ళ ముసలాయనకు కోపమే వచ్చింది. "ధర రాయమన్నారు, రాశాను. అదే ధరని నేనెక్కడన్నా అన్నానా?"

ఈ మాటను దారింకా పుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అక్టోబరు వచ్చేసరికి ఆ పుస్తకంలో వాక్యాల కన్నా ప్రశ్నార్థకాలే ఎక్కువైపోయాయి.

నోవీ సాద్‌లో మీటింగు. పందొమ్మిది పేజీల రిపోర్టు పట్టుకెళ్ళింది. చివరి పేజీలో నిజాయితీగా రాసింది: కారణం నాకింకా అర్థం కాలేదు, ఇంకో నాలుగు వారాలు కావాలి.

వుకాషిన్ రిపోర్టు తెరవలేదు. "ఒక్క వాక్యంలో చెప్పండి."

"వాళ్ళకు సైటు వాడటం బాగానే వచ్చు. కానీ ఏం చేస్తున్నారో నాకే తెలియడం లేదు."

"ఇవి రెండు వాక్యాలు."

నాలుగు వారాలు దొరకలేదు. వుకాషిన్ దగ్గర అప్పటికే పథకం సిద్ధంగా ఉంది. ప్రతి కార్ఖానా పేజీలో పైనే ఫోన్ నంబరు ఉంటోంది. కొనేవాడు దాన్ని చూసి నేరుగా ఫోన్ చేసి బేరం కుదుర్చుకుంటున్నాడు, కంపెనీకి కమీషను ఎగ్గొడుతున్నాడు. కాబట్టి నంబరు తీసెయ్యాలి. దాని చోట 'ఆర్డరు' అని పెద్ద ఆకుపచ్చ బటన్ పెట్టాలి. బటన్ నొక్కాకే, సరుకు చేరవెయ్యడానికి వీలుగా, ఒకరి పేరూ నంబరూ మరొకరికి కనిపించాలి. ధరల సంగతి ఏమిటని దారింకా అడిగింది. నిజమైన ఆర్డర్లు పడటం మొదలైతే నష్టం భయంతో వాళ్ళే నిజమైన ధరలు రాస్తారన్నాడు. అది విన్నప్పుడు సబబుగానే తోచింది. ఆఫీసుల్లో విన్నప్పుడు చాలా విషయాలు అలాగే తోస్తాయి.

కొత్త పేజీల బొమ్మలు కాగితాల మీద గీయించుకుని దారింకా మళ్ళీ బస్సెక్కింది. పన్నెండు ఇళ్ళలోనూ చూపించింది. పన్నెండు మందీ బ్రహ్మాండంగా ఉందన్నారు. చీపుళ్ళాయన కళ్ళజోడు పెట్టుకోకుండానే మెచ్చుకున్నాడు. పెట్టెలాయన ఆ కాగితం ఇమ్మని అడిగి తీసుకుని గోడకు అంటించుకున్నాడు. వర్షంలో అంత దూరం నుంచి వచ్చిన మనిషి చేతిలో పట్టుకొచ్చినదాన్ని మొహం మీదే బాగాలేదని చెప్పేవాళ్ళు ఆ ఊళ్ళలో పుట్టలేదు. ఆ సంగతి దారింకాకు చదివితే తెలిసింది కాదు, ఆమె పెరిగిందీ అలాంటి ఇంట్లోనే. అందుకే 'పన్నెండుకు పన్నెండు మందికి నచ్చింది' అని రాసి, దాని కిందే 'దీన్ని నమ్మవద్దు' అని రాసింది. వుకాషిన్ తెర మీద వేసి చూపించిన దాంట్లో మొదటి లైను మాత్రమే ఉంది.

నవంబరు మధ్యలో కొత్త సైటు మొదలైంది. మొదటి వారం నూట పన్నెండు ఆర్డర్లు. రెండో వారం మూడు వందల ఎనభై. డిసెంబరు పద్దెనిమిదికి మొత్తం పందొమ్మిది వందల నాలుగు. ఆఫీసులో కేకు తెప్పించారు, దాని మీద ఆ అంకె వేయించారు. వుకాషిన్ పర్మనెంట్ కాగితం టైపు చేయించి, డిసెంబరు ఇరవై ఐదున సంతకాలన్నాడు. వాళ్ళ క్రిస్మస్ జనవరిలో వస్తుంది గనక అది మామూలు పనిరోజే. ఆమె భుజం తట్టి, "ఆ పల్లెటూళ్ళ మనస్తత్వం మీరు పట్టేశారు," అన్నాడు.

తను ఏం పట్టిందో దారింకాకు తెలియలేదు. కేకు ముక్క పళ్ళెంలో పెట్టుకుని ఆర్డర్ల జాబితా తెరిచింది. మూడు వేల పళ్ళ పెట్టెలు, మూడు వేల దినార్లు. అరవై పీపాలు, అరవై దినార్లు. జ్లాతిబోర్ కొండ మీది ఒక హోటలుకు తిహోమిర్ మేస్త్రీ కార్ఖానా నుంచి రెండు వందల నలభై కుర్చీలు, రెండు వందల నలభై దినార్లు. కంపెనీ కమీషను తొమ్మిది దినార్ల అరవై పారాలు. దినారులో నూరో వంతైన పారా నాణెం జేబుల్లోంచి మాయమై ఏళ్ళు గడిచాయి, బిల్లుల్లో ఇంకా బతికే ఉంది.

ఆమె కేకు పళ్ళెం పక్కన పెట్టేసింది. సైటు నిబంధనల్లో ఏడో అంశం ఆమెకు తెలుసు: పడిన ఆర్డరుకు ఆ ధరకే సరుకు ఇచ్చి తీరాలి. ముగ్గురు మనుషుల కార్ఖానా అది. రెండు వందల నలభై కుర్చీలు ఒక్కో దినారుకు ఇచ్చేస్తే రంపం కూడా మిగలదు. తను తొక్క తీసిన మిరపకాయల పచ్చడి వాళ్ళు ఇంకా తింటూ ఉండి ఉంటారు.

వెంటనే ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు. మర్నాడు కూడా ఎత్తలేదు. పందొమ్మిది, సెయింట్ నికోలా పండగ. ఆ రోజు సగం దేశం అతిథులకు వడ్డిస్తూ ఉంటుంది, మిగతా సగం తింటూ ఉంటుంది. ఇరవయ్యో తేదీ పొద్దున్నే సెలవు పెట్టి, సొంత డబ్బుతో టిక్కెట్టు కొని, దారింకా చాచక్ బస్సెక్కింది.

ఆమె వెళ్ళేసరికి ముంగిట్లో లారీ ఉంది. కుర్చీలు నాలుగేసి చొప్పున తాళ్ళతో కట్టి పైకి అందిస్తున్నారు. లెదరు కోటు వేసుకున్న ఒక లావాటి మనిషి కుడిచేతిలో సారా గ్లాసు, ఎడమచేతిలో పెన్సిలు పట్టుకుని లెక్క పెడుతున్నాడు.

"ఆగండి! ఎక్కించకండి!" దారింకా గేటు దగ్గర నుంచే అరిచింది. "మేస్త్రీ, ఎక్కించనివ్వకండి!"

అందరూ ఆగిపోయారు. తిహోమిర్ చేతిలో ఉన్న కుర్చీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం, విరిగిందా?"

"ధర! సైటులో ఒక్కో కుర్చీ ఒక దినారు అని ఉంది!"

"ఉంది," అంది గుమ్మంలోంచి కోసానా. "నేనే కదమ్మా వేసింది. నీ ముందే వేశానుగా."

దారింకా లెదరు కోటు వైపు తిరిగింది. అతను స్రెతెన్, జ్లాతిబోర్ హోటలుకు సరుకులు కొనేవాడు. "ఆర్డరు మీరేనా ఇచ్చింది?"

"నేనే."

"రెండు వందల నలభై కుర్చీలు, రెండు వందల నలభై దినార్లకు?"

స్రెతెన్ గ్లాసు దించి తిహోమిర్ వైపు చూశాడు. ఈవిడకు ఒంట్లో బాగానే ఉందా అన్న చూపు అది. "అమ్మా, రెండు వందల నలభై దినార్లకు మా హోటల్లో ఒక కాఫీ వస్తుంది. చక్కెర కూడా వేస్తాం."

"మరి బటన్ ఎందుకు నొక్కారు?"

"నొక్కితేనే కదా నంబరు వచ్చేది! మునుపు నంబరు పైనే కనబడేది. ఇప్పుడెవరో దాన్ని బటన్ వెనకాల దాచారు. నాకు మేస్త్రీతో మాట్లాడాలి, నొక్కాను. దానికింత గోలేంటి?"

దారింకా చేతికి దొరికిన కుర్చీని లాక్కుని కూర్చుంది. అది లెక్కలోని కుర్చీ. స్రెతెన్ లెక్క తప్పి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

లోపల నిన్నటి పండగ తాలూకు, అన్నం కూరిన క్యాబేజీ ఆకు చుట్టలు వేడిచేసి పెడుతూ కోసానా అసలు సంగతి చెప్పింది. చిన్నపిల్లకు చెప్పినట్టు, మధ్యమధ్య ఆగి, తలకెక్కిందా లేదా అని చూస్తూ చెప్పింది.

"ఈయన ఫోన్ చేశాడు. పేరేంటన్నా. ఏ హోటలన్నా. మీ హోటలుకు రొట్టె ఎవరు వేస్తారన్నా."

"సంబంధం చూస్తోందనుకున్నా," అన్నాడు స్రెతెన్, నోటినిండా అన్నంతో.

"నీకెవరిస్తారు సంబంధం, తినవయ్యా. సరే, ఆ రొట్టెల కొట్టువాడికి ఫోన్ చేశా. ఎలాంటివాళ్ళు వీళ్ళు అన్నా. నెల దాటకుండా డబ్బు ఇచ్చేస్తారన్నాడు. అందుకని మూడు వేల తొమ్మిదొందలు చెప్పా. రెండు నెలలు ఆపేవాడికి నాలుగు వేల అయిదొందలు. మనూరివాడైతే మూడు వేల ఏడొందలు, మోసుకెళ్ళడం అతనిది. ఇక అసలివ్వనివాడు ఉంటాడు చూడు, వాడికి ఈ ఏడు బీచ్ కర్ర దొరకట్లేదని చెబుతా."

"అంటే… ధర దాచడం లేదు మీరు."

"లేని ధర ఎలా దాచను? ఎవరు కొంటారో తెలియకుండా ధర ఎక్కడినుంచొస్తుంది?"

"ఇదంతా సెప్టెంబరులో నాకెందుకు చెప్పలేదక్కా? రోజంతా మీ పక్కనే ఉన్నానే!"

"నువ్వు అడిగితేగా. ఒకటి ఎందుకు వేశావని అడిగావు. ధర ఎలా కడతావని అడిగావా? లేదు. పైగా అన్నీ తెలిసినదానివని అనుకున్నాం. మేస్త్రీ కూడా అన్నాడు, ఈవిడ చదువుకున్న మనిషి, ఊరికే అడుగుతోందని."

దారింకా తల వంచుకుంది. పదహారేళ్ళు స్నానాల గదులు చూసిన మనిషి ఈ ఇంట్లో ఫోన్ ఎక్కడుందో చూడలేదు. ఆ రోజు మిరపకాయల మధ్య కోసానా మూడుసార్లు ఫోన్ మాట్లాడింది. మూడుసార్లూ, పనికి అడ్డం వస్తోంది కదా అని, దారింకా రాసుకోవడం ఆపేసింది.

"కానీ ఆ బటన్ పెట్టించింది నువ్వేనటగా?" కోసానా గొంతులో మెచ్చుకోలు వినబడింది. "చాలా మంచి పని చేశావు. మునుపు పనీపాటా లేనివాళ్ళంతా ఫోన్లు, కుర్చీ ఎంత, బల్ల ఎంత, వాతావరణం ఎలా ఉంది. ఇప్పుడు ఆర్డరు అనేసరికి భయపడి నొక్కరు. భయపడకుండా నొక్కినవాడు కొనేవాడే. పైగా వాడి పేరు, వాడి హోటలు, అన్నీ ముందే నాకొచ్చేస్తాయి. రొట్టెల కొట్టు కూడా నేనే వెతుక్కోవచ్చు. మీ కంపెనీవాళ్ళు తెలివైనవాళ్ళే."

"నేను కాదు… అంటే, నేనే. ఏమో అక్కా, నాకు తెలియదు."

"వినయం," అన్నాడు తిహోమిర్.

తిరుగు బస్సులో దారింకా కిటికీకి తల ఆనించి కూర్చుంది. మార్చిన సైటు వాడేవాళ్ళకు నచ్చింది. నిజంగానే నచ్చింది, మర్యాదకు కాదు. కొనేవాడు, అమ్మేవాడు ఒకరినొకరు నూటికి నూరుపాళ్ళు అర్థం చేసుకున్నారు. మధ్యలో ఏమీ అర్థం కానిది కంపెనీకి, తనకి మాత్రమే. పందొమ్మిది వందల ఆర్డర్లు అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఇది గెలుపో ఓటమో ఎంత తిప్పి చూసినా ఆమెకు పాలుపోలేదు. సర్వీసు లెక్క మాత్రం తేలిగ్గా తేలింది: అయిదు రోజులు నోరు మూసుకుంటే పర్మనెంట్.

నోరు మూసుకోవడం ఆమెకు చేతకాలేదు. ఇందులో గొప్ప నీతి ఏమీ లేదు. మూడు నెలలు బుర్ర తొలిచిన విషయం తెలిశాక చెప్పకుండా ఉండలేకపోవడం ఒక జబ్బు, ఆ రకం చదువు చదివినవాళ్ళలో చాలామందికి ఉంటుంది. ఆరు పేజీలు రాసింది. ధర ఎలా పుడుతుందో రాసింది. రొట్టెల కొట్టు గురించి రాసింది. చివర్లో సలహా కూడా ఇచ్చింది: కమీషను ఆలోచన మానుకుని, నంబరు చూపించినందుకు కొనేవాడి దగ్గర రెండు వందల దినార్లు తీసుకోండి. ఇరవై ఐదున ఆ ఆరు పేజీలు బల్ల మీద పెట్టి, సంతకానికి పెన్ను అడిగింది. రెండూ కావాలని ఆశపడింది.

వుకాషిన్ ఆమె రాసినదాన్ని చివరిదాకా చదవడం అదే మొదటిసారి.

"అంటే ఇవి ఆర్డర్లు కావు."

"ఆర్డర్లే. మనం అనుకున్నవి కావు."

"వచ్చే నెల వియన్నా నుంచి డబ్బు పెట్టేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకు నేనేం చెప్పను?"

"ఫోన్ నంబర్లు బాగా పోతున్నాయని చెప్పండి."

"మనది టెలిఫోన్ డైరెక్టరీ కాదు దారింకా గారూ." పర్మనెంట్ కాగితం తీసి సొరుగులో పెట్టాడు. "నాలుగు వందల నిజమైన ఆర్డర్లు రానివ్వండి, అప్పుడు చూద్దాం."

"నాలుగు వందలన్నారు. నిజమైనవి అనలేదు."

"అది చెప్పక్కర్లేదనుకున్నాను."

వుకాషిన్ తెలివితక్కువవాడు కాదు. ఆరు పేజీల్లోంచి తనకు పనికొచ్చిన ముక్క పట్టుకున్నాడు. జనవరి మొదటి వారంలో ధర గడి వంద దినార్లకు తక్కువ అంకెను తీసుకోవడం మానేసింది. బటన్ నొక్కగానే కమీషను బిల్లు కార్ఖానాకు వెళ్ళే ఏర్పాటూ చేశాడు. మర్నాటికల్లా ఏడు వందల పదకొండు కార్ఖానాల ధరలు మారాయి. ఆరు వందల మంది వంద వేశారు. మిగిలినవాళ్ళలో కాస్త సరదాగలవాళ్ళు నూట ఇరవై మూడు వేశారు.

ఆ వారం కోసానా పేజీలో పద్నాలుగు మంది బటన్ నొక్కారు. వాళ్ళలో ఒక్కడికి కుర్చీలు అమ్మింది. బిల్లులు పద్నాలుగు వచ్చాయి.

"మా ఇంట్లో కూర్చుని తిని, మేం చెప్పిందంతా తీసుకెళ్ళి అక్కడ పెట్టావు," అంది ఫోన్‌లో. గొంతు పెంచలేదు. దారింకాకు అదే కష్టమనిపించింది.

"అలా చెయ్యమని నేను చెప్పలేదక్కా. నంబరుకు రెండు వందలు, అదీ కొనేవాళ్ళ దగ్గరే తీసుకోమన్నాను."

"నా నంబరుకు రెండు వందలా? ఎవడిస్తాడే? మా గేటు మీద పెద్దపెద్ద అక్షరాలతో రాసే ఉందిగా!" అని, కోపం మధ్యలోనే కోసానాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఫోన్ పెట్టేసింది. ఆ సాయంత్రమే సైటులోంచి తన పేజీ తీసేసింది.

అంటే తన సలహా కూడా నడిచేది కాదు. ఆ ఒక్క ముక్క దారింకాను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నిజం చెప్పకపోయి ఉంటే ఉద్యోగం ఉండేది, కోసానా పేజీ ఉండేది, కంపెనీ మాత్రం కమీషను లేక ఎలాగూ మునిగేది, కాకపోతే మెల్లగా. చెప్పినందువల్ల అన్నీ ఒకేసారి మునిగాయి. ఎవరికి మంచి చేసిందో, ఎవరిని ముంచిందో లెక్క వేస్తే ప్రతిసారీ జవాబు వేరే వస్తుంది.

ఫిబ్రవరిలో ఆర్డర్లు ముప్పై ఒకటి. జనవరితో ముగిసిన దారింకా మూడు నెలల కాగితాన్ని మళ్ళీ రాయలేదు, పర్మనెంట్ కాగితం ఎవరి సంతకమూ పడకుండా సొరుగులోనే ఉండిపోయింది. ఏప్రిల్‌లో సైటు మూసేశారు. వుకాషిన్ బెల్‌గ్రేడ్‌లో ఇంకో కంపెనీకి వెళ్ళాడు. వాడేవాళ్ళ మనసు తెలుసుకోవడం ఎలా అన్న విషయం మీద ఉపన్యాసాలు ఇస్తున్నాడని, బాగానే మాట్లాడతాడని విన్నవాళ్ళు చెబుతారు. దారింకా ఇప్పుడు ఒక పెరుగు కంపెనీ కోసం ఇళ్ళకు తిరిగి జనం ఫ్రిజ్‌లు తెరిచి చూస్తోంది, మూడు నెలల కాగితం మీద. సర్వీసు లెక్క నాలుగేళ్ళ రెండు నెలల దగ్గరే ఉంది.

మూతపడిన కంపెనీ నవంబరు, డిసెంబరు, జనవరి నెలలకు ఆమెకు ఇవ్వవలసిన గౌరవ వేతనం, నెలకు అరవై ఐదు వేల చొప్పున లక్షా తొంభై ఐదు వేల దినార్లు, ఇంతవరకూ రాలేదు.